మిషనమ్మ మాటలు, మాస్టారి దిద్దుబాట్లు

ప్రూఫ్ మాస్టారికి తప్పు కనబడితే ముద్ద దిగదు. ఆయన్ని ఆడిపోసుకోవడానికి అంటున్న మాట కాదిది, ఆయనే ఒప్పుకున్న సంగతి. మందుల షాపు బోర్డు మీద అక్షరం తప్పుంటే, తలనొప్పి బిళ్ళ కొనడానికి వెళ్ళినవాడు కాస్తా ఆ తప్పు గురించి షాపువాడితో వాదించి, బిళ్ళ సంగతి మర్చిపోయి, రెట్టింపు తలనొప్పితో ఇంటికొచ్చేవాడు. కరెంటు బిల్లు మీదైనా, పక్కింటి పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీదైనా తప్పు దొరికితే చాలు, చొక్కా జేబులోని ఎర్ర పెన్సిలు దానంతట అదే బయటికొచ్చేది. ఒకసారి తోడల్లుడు ఏదో గొడవ తర్వాత క్షమించమని ఉత్తరం రాస్తే, అందులో తొమ్మిది తప్పులు దిద్ది తిరుగు టపాలో పంపించాడు. ఆ తోడల్లుడు మళ్ళీ క్షమాపణ అడిగిన పాపాన పోలేదు.

మాస్టారంటే బడిపంతులు కాదు. హార్డ్‌వేర్ షాపు పైన, మొదటి అంతస్తులో ఉన్న ప్రెస్సులో ముప్ఫై నాలుగేళ్ళుగా ప్రూఫులు చూసే మనిషి. పాఠ్యపుస్తకాలు, రైళ్ళ టైంటేబుళ్ళు, మందుల పెట్టెల్లో మడిచిపెట్టే సన్న కాగితాలు, అన్నిటినీ మించి ఇంగ్లీషు నిఘంటువులు, అచ్చుకెక్కే ముందు ఆయన కళ్ళ కింద నుంచి పోవాల్సిందే. ఆ పనికో పద్ధతుంది. వాక్యాన్ని మామూలుగా చదివితే అర్థం మనిషిని లాక్కుపోతుంది, తప్పు కంటికి ఆనదు. అందుకని పేజీని కింద నుంచి పైకి, వాక్యాన్ని చివరి మాట నుంచి మొదటి మాటకి, వెనక్కి చదువుకుంటూ రావాలి. "అర్థం వెంట పడ్డావా, అక్షరం చేజారిందే!" అని కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేవాడు. అలా చదివీ చదివీ, ఏ పుస్తకంలో ఏముందో తెలియకుండానే వందల పుస్తకాలు పూర్తి చేశాడు.

ఒక్క నిఘంటువుల దగ్గర మాత్రం ఆయన పద్ధతి సడలేది. వింతగా మోగే ఇంగ్లీషు మాట కనబడితే ముందుకు చదివేవాడు, అదెక్కణ్ణుంచి వచ్చిందో కూడా చదివేవాడు, చదివి ఆ మాటని ఇంటికి పట్టుకొచ్చేవాడు. ఆ ఇంట్లో దానికోసం ఎదురుచూసే మనిషి ఉంది.

ఆవిడ్ని వీధి వీధంతా మిషనమ్మ అనేది. ముందుగది నిండా ఆవిడ కుట్టుమిషనూ, ఇస్త్రీ బల్లా, గుండీల డబ్బాలూ. బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది, హోటళ్ళవాళ్ళకి ఏప్రన్లు కుట్టేది, పాత ప్యాంట్ల నడుములు వదులు చేసేది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కానీ ఆరింటికి మాస్టారొచ్చి మిషను పక్కన స్టూలు లాక్కుని కూర్చోగానే, కాలు తొక్కుడు ఆపకుండా అడిగేది.

"ఇవాళేం తెచ్చారు?"

"పాపీకాక్."

"అదేం మాటండీ బాబూ! కోడికి జలుబు చేసినట్టుంది. అర్థమేంటి?"

"పనికిమాలిన కబుర్లని. డచ్చివాళ్ళ మాట నుంచి వచ్చిందంటారు. అక్కడ దానర్థం మెత్తటి పెంట."

"ఛీ ఛీ! అయితే మీ మేనేజరు మీటింగులో చెప్పేదంతా అదేనన్నమాట."

అప్పట్నుంచి ఆ మేనేజరు ఆ ఇంట్లో పాపీకాక్ అయిపోయాడు. కడుపులో గడబిడని ఇంగ్లీషువాళ్ళు కాలీవాబుల్స్ అంటారని చెబితే, "మా అక్క బస్సెక్కిన ప్రతిసారీ వచ్చేది అదే" అంది. ఏప్రన్ అసలు పేరు నేప్రన్ అనీ, ఎప్పుడో జనం నోళ్ళలో నలిగి ముందున్న నకారం ఊడిపోయిందనీ చెబితే, కుడుతున్న ఏప్రన్ని ఎత్తి చూసి, "నా చేతిలోకొచ్చేసరికి గుండీలే ఊడతాయనుకున్నా, అక్షరాలు కూడానా!" అంది. ఇక బాండికూట్ అన్న మాట మన పందికొక్కేనని తెలిసిన రోజు మిషను ఆపేసి, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"మన గోడ కింద తవ్వే ముదనష్టపుది సముద్రాలు దాటి, సూటూ బూటూ తొడుక్కుని, పేరు మార్చుకుందన్నమాట! మా చిన్నాన్నా అంతే చేశాడు."

వాళ్ళకి పిల్లల్లేరు. ఆ లోటు గురించి మొదటి పదేళ్ళు ఏడ్చి, తర్వాత మానేశారు. సాయంత్రం ఆరింటికి ఒక మాట, ఆ మాట మీద ఆవిడ విసిరే మాట, ఇద్దరి నవ్వు. అదే వాళ్ళ సంసారం. దానికి దిష్టి తగిలేంత గొప్పేముందని ఎవరైనా అనుకుంటారు. కానీ దెబ్బ సరిగ్గా అక్కడే తగిలింది.

ఒక సోమవారం పొద్దున్న ఏడున్నరకి మాస్టారు బూట్లు తొడుక్కుంటున్నాడు. నిఘంటువు ఆఖరి అక్షరానికొచ్చింది, ఆ రోజు జెడ్ పూర్తి చేసి పంపాలి. మిషనమ్మ టీ పట్టుకొచ్చింది.

"ఏవండీ, కత్తెర చల్లారిపోతోంది."

మాస్టారికి నవ్వొచ్చింది. "కత్తెర కాదే. టీ."

"అదే... కత్తెర."

"టీ అను, టీ."

ఆవిడ మొహం చిట్లించింది. తనేం తప్పన్నదో తెలియనట్టు కప్పులోకి చూసింది. "దిండు," అంది.

"దిండూ కాదు. రాత్రి సరిగ్గా నిద్రపోలేదా ఏంటి?"

ఆవిడ కుడిచెయ్యి ఒరిగి, కొంచెం టీ నేల మీద ఒలికింది. మాస్టారు కప్పందుకుని రెండు గుటకల్లో తాగేసి, "కాసేపు నడుం వాల్చు, సర్దుకుంటుంది" అని మెట్లు దిగిపోయాడు. మూడు తప్పులు, మూడూ దిద్దాడు. బస్సులో కూర్చుని, కత్తెర చల్లారడం భలే ఉందే, సాయంత్రం ఆటపట్టించాలి అనుకున్నాడు కూడా.

పదకొండింటికి గుండీలామె వచ్చింది. మిషనమ్మ కుట్టిన చొక్కాలకి గుండీలు కుట్టిపెట్టే మనిషి, ఎదురు సందులో ఉంటుంది. తలుపు తోసి చూస్తే మిషను పక్కన నేల మీద మిషనమ్మ. కళ్ళు తెరిచే ఉన్నాయి, నోరు ఒక పక్కకి జారింది.

ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న ఒకటే. "తేడా ఎప్పుడు కనిపించింది? సరైన టైం చెప్పండి, వైద్యమంతా దాని మీదే ఉంది." గుండీలామె వంక ఒకసారి చూసి, మాస్టారు "పదకొండింటికి" అన్నాడు. ఎందుకన్నాడో ఆ క్షణంలో ఆయనకే తెలియదు. ఏడున్నరకే విన్నాననీ, విని దిద్దాననీ చెప్పడానికి నోరు రాలేదు. డాక్టరు స్కాన్ చూసి మొహం అదోలా పెట్టి, మెదడులో ఈ నెత్తురు గడ్డ అంతకంటే ముందు నుంచే ఉన్నట్టుందని గొణిగి, దాన్ని కరిగించే వైద్యానికి వేళ దాటిపోయిందని తేల్చేశాడు. ముప్ఫై నాలుగేళ్ళలో మాస్టారు తెలిసి తెలిసి వదిలేసిన తప్పు అదొక్కటే.

ప్రాణం నిలిచింది. కుడికాలు మూడు వారాల్లో ఈడ్చుకుంటూనైనా కదిలింది. కుడిచెయ్యి అరకొరగా మిగిలింది. మాటే పోయింది. పోవడమంటే మూగబోవడం కాదు, అదే అసలు నరకం. మనసులో అనుకున్నదొకటి, నోటికి అందేదొకటి. నీళ్ళు కావాలంటే "గొళ్ళెం" అంటుంది. కిటికీ తెరవమనడానికి "చెంచా, చెంచా" అంటుంది. అన్నాక, అది కాదని తనకే తెలిసి, కళ్ళు పెద్దవి చేసి ఆయన వంక చూస్తుంది.

మాట నేర్పే డాక్టరమ్మ ఆసుపత్రి రెండో అంతస్తులో కూర్చుంటుంది. చిన్నవయసు మనిషి, నెమ్మదైన గొంతు. "మొదటి ఆర్నెల్లూ చాలా ముఖ్యం మాస్టారూ. రావాల్సినదాంట్లో ఎక్కువ భాగం అప్పుడే వస్తుంది. తర్వాత రాదని కాదు, నెమ్మదిస్తుంది. ఇంట్లోవాళ్ళు ఏం చెయ్యాలో ఇందులో రాసి ఉంది, బాగా చదవండి" అని ఒక కాగితం చేతికిచ్చింది.

మాస్టారు ఆర్నెల్లు అన్న మాట ఒక్కటే విన్నాడు. బయట బెంచీ మీద కూర్చుని కాగితం విప్పాడు. మొదటి వరసలోనే అచ్చుతప్పు. ఇంకేముంది, పెన్సిలు బయటికొచ్చింది. కింద నుంచి పైకి, అలవాటైన పద్ధతిలో కాగితమంతా జల్లెడ పట్టి, ఏడు తప్పులు దిద్ది, తిరిగి లోపలికెళ్ళి బల్ల మీద పెట్టాడు. డాక్టరమ్మ ఆశ్చర్యపోయి, "థాంక్సండీ, ఈసారి అచ్చేయించేటప్పుడు ఇలాగే సరిచేయిస్తాను" అంది. ఆ దురదృష్టంలోనూ ఆయనకి కొంచెం గర్వం కలిగింది.

ఇంటికొచ్చాక యుద్ధం మొదలైంది. ప్రెస్సుకి సెలవు పెట్టేశాడు. పాత ప్రూఫుల వెనక పక్క ఖాళీగా ఉంటుంది కదా, వాటిని కత్తిరించి నూట ఇరవై కార్డులు చేశాడు. ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ: తాళం, చెంచా, గొడుగు, కిటికీ, చెప్పు. బొమ్మలు వెయ్యడం రాని మనిషి కష్టపడి వేసిన బొమ్మలు. గొడుగుకీ పుట్టగొడుక్కీ తేడా తెలియదు. గోడకి ఒక చార్టు అంటించాడు. రోజూ నాలుగు నుంచి ఆరు దాకా తరగతి. కార్డు చూపించాలి, ఆవిడ పేరు చెప్పాలి, ఒప్పయితే టిక్కు, తప్పయితే ఎర్ర గీత.

"ఇదేంటి?"

"...కాలర్."

"కాదు. గొడుగు. అను. గొ-డు-గు."

"గొ... గోడ..."

"గోడ కాదు! గొడుగు!"

మొదటి నెలాఖరుకి నూటికి పదకొండు. మాస్టారు ఆశపడ్డాడు. రెండో నెలలో తొమ్మిది. పట్టు బిగించాడు. పొద్దున్న కూడా తరగతి పెట్టాడు. టీ ఇచ్చేటప్పుడు పేరు చెబితేనే కప్పు చేతికిచ్చేవాడు. ఇది క్రూరమని ఎవరైనా అంటే ఆయనకి కోపమొచ్చేదేమో. ఆయన లెక్కలో క్యాలెండరు మీద రోజులు అయిపోతున్నాయి, తను చేసిన మూడున్నర గంటల ఆలస్యాన్ని ఈ ఆర్నెల్లలో పూడ్చెయ్యాలి, అంతే. ఆవిడ మాట తిరిగొస్తే ఆ తప్పు చెరిగిపోతుంది. రాకపోతే జన్మంతా మిగిలిపోతుంది. ఆయన్ని నిద్రపోనివ్వనిది అదే.

పాత ఆయుధం కూడా తీశాడు. ఒకరోజు తరగతి మధ్యలో, ఆవిడ మొహం పక్కకి తిప్పేసుకుంటే, కార్డు కింద పెట్టి మెల్లగా, "కాలీవాబుల్స్" అన్నాడు.

మిషనమ్మ నవ్వింది. రెండు నెలల తర్వాత మొదటి నవ్వు, వంకర మూతితో, కానీ అచ్చం ఆవిడ నవ్వే. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఊరుకుంటే ఆయన మాస్టారెందుకవుతాడు?

"అను. కాలీవాబుల్స్. నీకిష్టమైన మాటేగా, అను."

"కా... కాబూలీ..."

"కాబూలీ కాదు. కాలీ. కాలీ-వా-బుల్స్."

"కాలీ... బాలీ..."

"సరిగ్గా విను. వా! వా!"

నవ్వు ఆరిపోయింది. ఫ్లాబర్గాస్ట్ అన్నాడు, ఆ మాట ఎక్కడ పుట్టిందో ఇప్పటిదాకా ఎవరికీ తెలియదట అన్నాడు, పాపీకాక్ అన్నాడు, బాండికూట్ అన్నాడు. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుస్తూనే, "ఒక్కసారి, ఒకే ఒక్కసారి అను" అని బతిమాలాడు. ఎన్నో ఏళ్ళుగా ఇద్దర్నీ నవ్వించిన మాటలు ఆ సాయంత్రంతో ఆ ఇంట్లో పరీక్ష ప్రశ్నలైపోయాయి.

మూడో నెలలో ఆరు. నాలుగో నెలలో సున్నా. తప్పు చెప్పడం కూడా మానేసింది. కార్డు చూపిస్తే పెదాలు బిగించి, తల అడ్డంగా ఊపుతుంది. ఆకలైతే చేత్తో చూపిస్తుంది. అయిదో నెలలో ఒకరోజు మాస్టారు బల్ల మీద దబ్బున కొట్టి, "ఏదో ఒకటి అనవే! తప్పయినా సరే అను! నన్నెందుకిలా చంపుతావు?" అని అరిచాడు. ఆవిడ ఉలిక్కిపడి, అరకొర చేత్తో చెవి మూసుకోబోయి, మూసుకోలేకపోయింది. అది చూసి వంటగదిలోకెళ్ళి సింకు పట్టుకుని నిలబడి ఏడ్చాడు. ఇంకా నలభై రోజులే ఉన్నాయి, ఇంకా నలభై రోజులే అనుకుంటూ ఏడ్చాడు.

అయిదో నెల దాటాక ఒక మధ్యాహ్నం మందులు తేవడానికి వెళ్ళాడు. షాపు మూసి ఉంది. గంట పడుతుందనుకున్న పని పది నిమిషాల్లో తేలిపోయి తిరిగొచ్చాడు. మెట్ల దగ్గరకొచ్చేసరికి లోపల్నుంచి గొంతు వినిపించింది. ఆయన కాలు మొదటి మెట్టు మీదే ఆగిపోయింది. ఆ గొంతు మిషనమ్మది.

"ఆ చెరువు... ఆ చెరువుని ఇటు ఉడకబెట్టు. ఊహూ, అటు కాదు, ఇటు, ఇటు!"

"ఇటా అక్కా? కాలర్ మడతేగా? సరే సరే." గుండీలామె గొంతు.

"ఆఁ! పక్కింటి మేకు... నిన్న మేకు ఏం పాడిందో తెలుసా? పొడుగు పాడింది, పొడుగ్గా! వాళ్ళ నిచ్చెనకి కళ్ళజోడు రాలేదంట!"

"అయ్యో, మళ్ళీ కోడలి మీద పడి ఏడ్చిందా? ఆవిడకెప్పుడూ అదే గోల!"

ఇద్దరూ పగలబడి నవ్వారు.

మాస్టారు ఏం చేశాడో చెబితే ఎవరూ నమ్మరు. మెట్టు మీద నిలబడి తప్పులు లెక్కపెట్టాడు. ఏడు. చేతివేళ్ళు వాటంతటవే ముడుచుకుంటూ లెక్కపెట్టాయి. ఏడు దాకా వచ్చాక గానీ ఆయనకి తట్టలేదు, ఆ ఏడు తప్పుల్లో ఒక్కటి కూడా గుండీలామెకి అడ్డం రాలేదని. ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఈవిడకి అందింది. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటి: తన భార్య మాట్లాడుతోంది. గలగలా మాట్లాడుతోంది, నవ్వుతోంది, పక్కింటావిడ మీద చాడీలు చెబుతోంది. తనతో తప్ప.

తలుపు తోశాడు. మిషనమ్మ నోరు టక్కున మూసుకుంది. ఆవిడ చూపు ఆయన మొహం మీద కాదు, చొక్కా జేబు మీద పడింది.

గుండీలామె వెళ్తుంటే వెనకాలే వీధిలోకి దిగి అడిగాడు. "ఎన్నాళ్ళ నుంచమ్మా?"

ఆమె తల దించుకుంది. "మూడు నెలలైంది మాస్టారూ. మీరు బయటికెళ్ళినప్పుడు మాట్లాడతారు, వచ్చే వేళకి ఆపేస్తారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దన్నారు."

"ఎలా అంది? ఏమని అంది?"

"మాటతో కాదండీ. గోడ మీద మీ ఎర్ర గీతలు చూపించి, నా నోరు మూశారు." కొంగు చివర నలుపుకుంటూ, "నాకు చదువు రాదు కదా, అందుకని నా దగ్గర భయం లేదేమో. మీరేం అనుకోకండి" అంది.

ఏమనుకోవడానికీ ఆయనలో ఏమీ మిగల్లేదు. అటునుంచి అటే ఆసుపత్రికి నడిచాడు. రెండో అంతస్తులో డాక్టరమ్మ ఖాళీగానే ఉంది. జరిగిందంతా చెప్పాడు, ఆ ఏడున్నర సంగతి తప్ప. చెప్పి, "అమ్మా, ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. ఏదన్నా చెయ్యండి. మందో మాకో, ఏదైనా. నేనేం చెయ్యాలో చెప్పండి, చేస్తాను" అన్నాడు.

డాక్టరమ్మ సొరుగు లాగి ఒక కాగితం తీసింది. కొత్తగా అచ్చయిన కాగితం, తెల్లగా, ఒక్క తప్పు లేకుండా. "ఇది మీరు దిద్దిపెట్టిందే. నాలుగో సూచన చదవండి."

మాస్టారు చదివాడు. మొదటి మాట నుంచి చివరి మాటకి, మనుషులందరూ చదివినట్టు. "రోగి పలికే మాటలను దిద్దవద్దు. తప్పు మాట వచ్చినా అడ్డుపడక, చెప్పదలచుకున్న భావాన్ని గ్రహించి బదులు చెప్పండి. మాటిమాటికీ సరిదిద్దితే రోగి మాట్లాడటం మానివేయవచ్చు."

ఆ వాక్యంలో 'గ్రహించి' అన్నచోట వత్తు తప్పుంటే దిద్దింది తనే. ఆ సంగతి బాగా గుర్తుంది. వాక్యం మాత్రం ఇప్పుడే మొదటిసారి చూస్తున్నాడు.

"మీరు చదవలేదా?" అని డాక్టరమ్మ నిజంగానే అడిగింది.

"చూశానమ్మా," అన్నాడు. "చదవలేదు."

ఇంటికి వెళ్ళే దారిలో ఆయన బుర్ర ఆయన్నే నమిలేసింది. పందికొక్కు అనలేక ఎవడో పరాయి దేశంవాడు బాండికూట్ అన్నాడు. ఆ పూట వాడి పక్కన తనలాంటివాడు ఒకడు పెన్సిలు పట్టుకుని నిలబడి, బాండి కాదురా, పంది, పంది అను అని వేధించుంటే? వాడు ఆ జంతువు పేరెత్తడమే మానేసేవాడు. నేప్రన్ని ఏప్రన్ చేసినవాళ్ళు పండితులు కాదు, వంటగదుల్లో చేతులు తుడుచుకునే మనుషులు. వాళ్ళ నోళ్ళు జారితే పుట్టిన మాటల్ని ఏరుకొచ్చి, అబ్బ ఎంత ముద్దుగా ఉన్నాయో అని ఇన్నేళ్ళు మురిశాడు. ఊరూ పేరూ తెలియని వాళ్ళ తప్పులన్నీ ముద్దొచ్చాయి, కట్టుకున్నదాని తప్పే చేదయిందా? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు తెలిసి ఏం లాభం? సిగ్గుతో నడిరోడ్డు మీద ఆయన మొహం మంటెత్తింది.

ఆ సాయంత్రమే చార్టు పీకేశాడు, కార్డులు కట్టగట్టి చెత్తలో వేశాడు. పెన్సిలు ప్రెస్సులో ఇచ్చేసి వచ్చాడు. ఇక నోరెత్తకుండా వింటానని ఒట్టేసుకున్నాడు. కానీ వినడానికేముంది? ఆవిడ మాట్లాడితే కదా. నాలుగింటికి ఆయన స్టూలు మీద కూర్చుంటే ఆవిడ భుజాలు అలవాటుగా బిగుసుకునేవి. "తరగతి లేదే, ఊరికే కూర్చున్నాను" అంటే నమ్మేది కాదు. అయిదు రోజులు, పది రోజులు, పదిహేను రోజులు గడిచాయి. పగలు గుండీలామె వచ్చే వేళకి తనే బయటికెళ్ళిపోయి, సందు చివర కిళ్ళీకొట్టు అరుగు మీద కూర్చునేవాడు, తను లేనప్పుడైనా ఆవిడ నాలుగు మాటలు మాట్లాడుకుంటుందని. సొంతింట్లో భార్య నోరు విప్పడం కోసం మొగుడు వీధిలో కూర్చోవాల్సి రావడం ఎంత నరకమో, ఆ కూర్చున్నవాడికే తెలుసు.

ఆర్నెల్లూ నిండిన రోజు సాయంత్రం, ఎండ ఇంకా ఇస్త్రీ బల్ల మీద ఉండగానే ఆయన వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మిషనమ్మ ఎడంచేత్తో కాలర్లు మడతపెడుతోంది.

"నీకో సంగతి చెప్పాలి," అన్నాడు. "నువ్వేం అనక్కర్లేదు. ఆ సోమవారం పొద్దున్న నీ మాట తడబడింది. ఏడున్నరకి. నేను విన్నాను. విని, దిద్దాను. మూడుసార్లు దిద్దాను. దిద్ది ప్రెస్సుకి పోయాను. నువ్విక్కడ నేల మీద పడున్నప్పుడు నేనక్కడ జెడ్ అక్షరం చూసుకుంటున్నాను. డాక్టరుకి పదకొండని చెప్పాను. అది అబద్ధం. నీ మాట పోవడంలో నా చెయ్యి ఉంది. ఆ తర్వాత మిగిలిన నాలుగు మాటలూ నేనే పీక నొక్కేశాను. ఇదీ సంగతి. ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నా."

మిషనమ్మ మడత ఆపింది. ఆయన వంక చూసింది. ఆయన తల దించుకునే ఉన్నాడు.

"కిటికీ," అంది మెల్లగా.

మాస్టారు కిటికీ తెరవమంటోందా, మూయమంటోందా అని లేవబోయాడు. ఆవిడ ఎడంచెయ్యి ఆయన భుజం మీద పడింది. ఆపడానికి కాదు. కొట్టింది.

"కిటికీ! నువ్వు కిటికీ! మందపు కిటికీ!" మళ్ళీ కొట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో 'మీరు' తప్ప అనని మనిషి. "నేను పాలు... పాలు, పాలు అని గోడ దాకా... నువ్వు బూట్లేసుకుని! బూట్లేసుకుని ఎగిరిపోయావు! నా నాలుక మీద దువ్వెన! రోజూ దువ్వెన! నాలుగింటికి దువ్వెన! నేనేమన్నా... నేనేమన్నా బల్లనా? బండనా? రొట్టె ఇవ్వవు, పేరు చెప్పమంటావు! పేరు లేకపోతే రొట్టె లేదా? ఛీ! ఛీ! వర్షం... వర్షమంతా నాకే... నేను రాత్రంతా ఉతుక్కున్నాను, నువ్వు చూడలేదు, గీతలు గీశావు, గీతలు!"

ఆవిడ కళ్ళ నుంచి, ముక్కు నుంచి నీళ్ళు కారుతున్నాయి. మూతి వంకర పోతోంది, గొంతు పగులుతోంది, అయినా ఆగడం లేదు. అందులో సగం మాటలు ఆయనకి అందలేదు. అందిన సగం చాలు, ఒళ్ళంతా చెప్పుతో కొట్టినట్టుంది. జీవితంలో ఎవరి దగ్గరా ఇన్ని తిట్లు తినలేదు. "అవును," అంటున్నాడు. "అవునే. అవును. గీతలు గీశాను." తన మొహం తుడుచుకోవడం కూడా మర్చిపోయి, ఆవిడ నోటి వంకే చూస్తూ, ఈ తిట్టు ఎక్కడ ఆగిపోతుందోనని భయపడుతున్నాడు.

ఆవిడ ఆగింది. ఊపిరి అందక, ఇస్త్రీ బల్ల పట్టుకుని రొప్పుతోంది.

మాస్టారు స్టూలు మీద నుంచి జారి ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"ఇంకా?" అన్నాడు. "ఇంకా ఉంది కదూ? చెప్పు."